ఉద్యోగ వీసా తరగతులను అర్థం చేసుకోవడం ఎలా: విశాఖపట్నం నుంచి విదేశాలకు బయలుదేరేవారికి సమగ్ర మార్గదర్శి

విదేశంలో ఉద్యోగం వచ్చిందనగానే మన ఇళ్లలో మొదట జీతం ఎంత అని అడుగుతారు, ఆ తరువాత ఏ దేశం అని అడుగుతారు. ఏ వీసా మీద వెళుతున్నావని అడిగేవారు అరుదు. 2024 మే నెలలో విశాఖపట్నం నగర పోలీసులు బయటపెట్టిన కాంబోడియా వ్యవహారంలో, డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన ప్రాంతపు యువకులను పర్యాటక వీసాల మీద దేశం దాటించి, సైబర్ మోసాలు చేయించే ముఠాలకు అప్పగించిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అటువంటి ప్రయాణాన్ని విమానం ఎక్కకముందే ఆపగల ఆధారం వీసా మీదే ఉంటుంది: అది పనికి ఇచ్చిన అనుమతా, సందర్శనకు ఇచ్చిన అనుమతా అన్నది. వీసా తరగతిని చదవడం కేవలం మోసాల నుంచి తప్పించుకోవడానికే కాదు. పూర్తిగా చట్టబద్ధమైన ఉద్యోగంలో కూడా, ఆ దేశంలో ఉండే హక్కు మీ చేతిలో ఉందా, యజమాని చేతిలో ఉందా అన్నది ఆ తరగతే నిర్ణయిస్తుంది. అందుకే జీతం అంకె కన్నా ముందు దాన్నే చదవాలని నా దృఢమైన అభిప్రాయం.

మొదటి అడుగు: ఏ వీసాకైనా వేయవలసిన ప్రశ్నలు

దేశానికో పేరుతో, అక్షరాలతో, అంకెలతో ఉండే ఈ తరగతులన్నీ గందరగోళంగా కనిపిస్తాయి గానీ, కొన్ని ప్రశ్నలు చేతిలో పెట్టుకుంటే వాటి స్వభావం త్వరగానే తేలిపోతుంది. దరఖాస్తు వేసేది మీరా, మీ యజమానా? అనుమతి ఒక్క సంస్థకే కట్టుబడి ఉందా, లేక సంస్థ మారవచ్చా, మారాలంటే ఎవరి అంగీకారం కావాలి? గడువు ఎన్నేళ్లు, ఎన్నిసార్లు పొడిగిస్తారు? భార్య లేదా భర్త వెంట రావచ్చా, వచ్చినవారు పని చేయవచ్చా? కొన్నేళ్ల తరువాత శాశ్వత నివాసానికి దారి ఉందా? ఉద్యోగం పోతే ఎన్ని రోజుల్లో దేశం విడిచి వెళ్లాలి? ఆఫర్ లెటర్ పంపిన సంస్థను గానీ, మధ్యవర్తిని గానీ ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. నిజమైన సంస్థకు వీటికి జవాబులు చెప్పడం కష్టం కాదు. వీసా తరగతి పేరే చెప్పకుండా "అక్కడికి వెళ్లాక మార్చుకోవచ్చు" అనే మధ్యవర్తితో మాట అక్కడితో ఆపివేయడం మంచిది.

ఈ జవాబులను బట్టి ఉద్యోగ వీసాలను స్థూలంగా నాలుగు రకాలుగా చూడవచ్చు. యజమాని పేరు మీద వచ్చే తాత్కాలిక అనుమతి మొదటిది. ఒకే సంస్థకు చెందిన వేరే దేశపు శాఖకు బదిలీపై వెళ్లేవారికిచ్చేది రెండవది. చదువు, వయసు, అనుభవం, భాష వంటి అర్హతలను లెక్కగట్టి నేరుగా వ్యక్తికే ఇచ్చేది మూడవది. ఉద్యోగం ఆధారంగా శాశ్వత నివాసం ఇచ్చేది నాలుగవది.

రెండవ అడుగు: మీ వృత్తి ఏ దారిలో పడుతుందో గుర్తించడం

రుషికొండలోనో మధురవాడలోనో సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేసే ఇంజినీరుకు, కింగ్ జార్జ్ ఆసుపత్రిలో అనుభవం సంపాదించిన నర్సుకు, గాజువాకలో వెల్డింగ్ నేర్చుకున్న కార్మికుడికి, ఓడ ఎక్కబోయే క్యాడెట్‌కు దారులు ఒకటి కావు. పట్టభద్రులైన సాంకేతిక నిపుణులకు అమెరికా, జర్మనీ, కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాల నైపుణ్య వీసాలు తగినవి. నర్సులు, ఫార్మసిస్టులు, వైద్యులు వీసా కన్నా ముందు ఆ దేశపు వృత్తి మండలి నుంచి నమోదు పొందాలి. ఆ నమోదు లేకుండా వచ్చిన ఆఫర్ లెటర్‌కు విలువ తక్కువ. వెల్డర్లు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, డ్రైవర్లలో ఎక్కువమంది గల్ఫ్ దేశాలకే వెళతారు, అక్కడి నియమాలు వేరు. నావికుల వ్యవహారం వీటన్నిటికీ బయట, నౌకాయాన చట్టాల కింద నడుస్తుంది.

మూడవ అడుగు: అమెరికా తరగతులు

మన ప్రాంతంలో ఎక్కువగా వినిపించే పేరు హెచ్-1బి. కనీసం బ్యాచిలర్ డిగ్రీ అవసరమయ్యే ప్రత్యేక వృత్తికి, అమెరికాలోని యజమాని వేసే పిటిషన్ మీద ఇది వస్తుంది. ఏడాదికి 65,000, అమెరికా విశ్వవిద్యాలయాల్లో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000 చొప్పున పరిమితి ఉంది. 65,000లో 6,800 చిలీ, సింగపూర్ దేశీయులకు కేటాయించినవి. మార్చి నెలలో యజమాని ఆన్‌లైన్‌లో నమోదు చేస్తాడు, పరిమితికి మించి నమోదులు వస్తే ఎంపిక జరుగుతుంది, ఎంపికైనవారి పిటిషన్ ఆమోదం పొందితే అక్టోబర్ 1 నుంచి ఉద్యోగం మొదలుపెట్టవచ్చు. ఒకే వ్యక్తి పేరును నాలుగైదు కన్సల్టెన్సీల ద్వారా నమోదు చేయిస్తే అవకాశం పెరుగుతుందన్న మాట ఇంకా ప్రచారంలో ఉంది. 2024లో జరిగిన ఎంపిక నుంచి లెక్క నమోదుల సంఖ్య మీద కాక పాస్‌పోర్ట్ ఆధారంగా వ్యక్తి మీద జరుగుతున్నది కనుక ఆ ప్రయత్నంతో లాభం లేదు. పైగా, లేని ఉద్యోగాన్ని చూపి నమోదు చేసిన సంస్థతో సంబంధం రికార్డుల్లో మిగిలిపోతుంది. 2025 డిసెంబర్‌లో ప్రకటించి 2026 ఫిబ్రవరి నుంచి అమలుకు పెట్టిన నియమం ప్రకారం, ఎక్కువ వేతన స్థాయి ఉన్న ఉద్యోగాలకు ఎంపికలో ఎక్కువ అవకాశం ఇస్తారు.

2025 సెప్టెంబర్‌లో అధ్యక్షుడు చేసిన ప్రకటన ఈ దారిని మరింత ఇరుకు చేసింది. సెప్టెంబర్ 21 నుంచి, అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్ల చెల్లింపును ఏడాది గడువుతో విధించారు. అంటే విశాఖలో కూర్చుని నేరుగా హెచ్-1బి మీద వెళ్లాలనుకునేవారి కోసం అంత సొమ్ము పెట్టే యజమానులు చాలా తక్కువమందే ఉంటారు. ఎవరైనా మీకు ఆ దారి చూపిస్తుంటే, ఈ చెల్లింపు ఆ రోజుకు ఏ స్థితిలో ఉందో, అమలులో ఉంటే ఎవరు భరిస్తారో మొదటి సంభాషణలోనే తేల్చుకోండి.

హెచ్-1బి గడువు మొదట మూడేళ్లు, మొత్తం ఆరేళ్లు. గ్రీన్ కార్డ్ ప్రక్రియ నిర్ణీత దశకు చేరి ఉంటే ఆరేళ్ల తరువాత కూడా పొడిగింపులు దొరుకుతాయి. యజమాని కార్మిక శాఖకు సమర్పించే పత్రంలో మీ పని ప్రదేశం, హోదా, వేతనం ఉంటాయి. దాని నకలు పొందడం మీ హక్కు. ప్రాజెక్ట్ లేదని బెంచ్ మీద కూర్చోబెట్టిన కాలానికి కూడా యజమాని ఆ వేతనం చెల్లించాలన్నది చట్టం. ప్రాజెక్ట్ దొరికేవరకు జీతం ఉండదని ముందే చెప్పే సంస్థ చట్టాన్ని ఉల్లంఘిస్తానని ముందే చెబుతున్నట్టు. యజమాని చెల్లించవలసిన శిక్షణ రుసుమును ఉద్యోగి నుంచి రాబట్టడం కూడా నిషిద్ధం. భార్య లేదా భర్తకు హెచ్-4 వస్తుంది గానీ దానితో పని చేసే హక్కు రాదు; ప్రధాన వీసాదారుకి ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం యజమాని వేసే పిటిషన్) ఆమోదం లభించడం వంటి షరతులు నెరవేరితేనే 2015 నుంచి వారికి పని అనుమతి ఇస్తున్నారు. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్న దంపతులు ఈ ఒక్క వాక్యం మీద కుటుంబమంతా కూర్చుని మాట్లాడుకోవాలి.

బహుళజాతి సంస్థ భారత శాఖలో పనిచేస్తున్నవారికి ఎల్-1 ఉంది. గడచిన మూడేళ్లలో కనీసం ఒక ఏడాది నిరంతరాయంగా ఆ సంస్థలోనే అమెరికా వెలుపల పనిచేసి ఉండాలి. మేనేజర్లకు ఇచ్చే ఎల్-1ఏ గరిష్ఠంగా ఏడేళ్లు, సంస్థకే ప్రత్యేకమైన పరిజ్ఞానం ఉన్నవారికి ఇచ్చే ఎల్-1బి ఐదేళ్లు. దీనికి వార్షిక పరిమితి గానీ ఎంపిక గానీ లేదు, ఎల్-2 మీద వచ్చే జీవిత భాగస్వామికి పని చేసే హక్కు ఉంది. అయితే ఎల్-1 మీద ఉండగా బయటి సంస్థకు మారలేరు. విశాఖలో ఉండి పెద్ద సంస్థలో పనిచేసే యువకులు కొద్దిపాటి జీతం తేడా కోసం సంస్థ మారేముందు ఈ ఒక ఏడాది అనుభవం లెక్కను గుర్తుంచుకోవాలి.

ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్ కార్డ్‌లను ఈబీ తరగతులుగా విభజించారు. అసాధారణ ప్రతిభ, ప్రముఖ పరిశోధకులు, బహుళజాతి సంస్థల మేనేజర్లు ఈబీ-1లోకి వస్తారు. ఉన్నత డిగ్రీ ఉన్నవారు ఈబీ-2లోకి, బ్యాచిలర్ డిగ్రీ ఉన్న నిపుణులు, నైపుణ్య కార్మికులు ఈబీ-3లోకి వస్తారు. మతపరమైన సేవకులు తదితరులు ఈబీ-4, పెట్టుబడిదారులు ఈబీ-5. ఈబీ-2, ఈబీ-3లలో సాధారణ మార్గం మూడు దశలు: అక్కడ అర్హులైన స్థానికులు దొరకలేదని కార్మిక శాఖ ధ్రువీకరణ, తరువాత యజమాని వేసే ఐ-140 పిటిషన్, చివరగా తేదీ వచ్చినప్పుడు నివాసానికి దరఖాస్తు. మొదటి దశలో కార్మిక శాఖకు దరఖాస్తు వేసిన రోజే మీ ప్రయారిటీ డేట్, అంటే వరుసలో మీ స్థానాన్ని నిర్ణయించే తేదీ.

అన్ని ఈబీ తరగతులకూ కలిపి ఏడాదికి సుమారు 1,40,000 మాత్రమే ఇస్తారు, అందులో కుటుంబ సభ్యులూ లెక్కలోకి వస్తారు, ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ సాధారణంగా 7 శాతానికి మించకూడదు. భారతీయుల వరుస ఇంత పొడవుగా ఉండటానికి కారణం ఇదే. 2025 చివరి నెలల వీసా బులెటిన్లలో భారతీయుల ఈబీ-2, ఈబీ-3 తేదీలు ఇంకా 2013లోనే ఉన్నాయి, అంటే అప్పటికి 2013లో వరుసలో చేరినవారికే వంతు వచ్చింది. ఇక్కడ చూసేది పౌరసత్వం కాదు, పుట్టిన దేశం. జీవిత భాగస్వామి వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశపు వరుసలో నిలబడే వీలుంది. ప్రతి నెలా అమెరికా విదేశాంగ శాఖ విడుదల చేసే ఈ బులెటిన్‌ను చదవడం నేర్చుకుంటే, రెండు మూడేళ్లలో గ్రీన్ కార్డ్ ఖాయమని చెప్పే మాటల బరువు మీకే తెలుస్తుంది. నర్సులకు, ఫిజియోథెరపిస్టులకు కార్మిక శాఖ ధ్రువీకరణ దశ ఉండదు. వారి వృత్తులు షెడ్యూల్ ఏ జాబితాలో ఉన్నాయి. అయినా నర్సులకు ఎన్‌క్లెక్స్ అనే లైసెన్స్ పరీక్ష, ఇరువురికీ అర్హతలను పరిశీలించి ఇచ్చే వీసా స్క్రీన్ ధ్రువపత్రం కావాలి, ఈబీ-3 వరుసలో వేచి ఉండటం తప్పదు.

అమెరికా తాత్కాలిక ఉద్యోగ వీసా ఇంటర్వ్యూ ఆంధ్రప్రదేశ్ వారికి సాధారణంగా హైదరాబాద్ కాన్సులేట్‌లో జరుగుతుంది. డీఎస్-160 దరఖాస్తులో రాసిన హోదా, జీతం, పని ప్రదేశం పిటిషన్‌లోని వివరాలతో అక్షరాలా సరిపోవాలి. 2025 డిసెంబర్ నుంచి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాలను కూడా పరిశీలిస్తున్నారు కాబట్టి, అక్కడి ఉద్యోగ వివరాలు కూడా దరఖాస్తుతో సరిపోతున్నాయో లేదో చూసుకోండి.

నాలుగవ అడుగు: బ్రిటన్, జర్మనీ, కెనడా, ఆస్ట్రేలియా

బ్రిటన్‌లో ప్రధానమైనది స్కిల్డ్ వర్కర్ వీసా. లైసెన్స్ ఉన్న స్పాన్సర్ (వీసాకు బాధ్యత వహించే యజమాని) ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ లేకుండా ఇది రాదు. లైసెన్స్ ఉన్న సంస్థల జాబితాను అక్కడి ప్రభుత్వం బహిరంగంగా ప్రచురిస్తుంది, ఐదు నిమిషాల్లో ఎవరైనా వెతకవచ్చు. 2025 జులై 22 నుంచి సాధారణ వేతన పరిమితిని ఏడాదికి 41,700 పౌండ్లకు పెంచారు, ఉద్యోగం సాధారణంగా డిగ్రీ స్థాయిలో ఉండాలన్నారు. అదే రోజు నుంచి సంరక్షణ సహాయకులను విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడం ఆపివేశారు. కాబట్టి ఇప్పుడు ఎవరైనా "కేర్ వీసా" పేరుతో లక్షల రూపాయలు అడిగితే, ఆ దారి మూసి ఉందని గట్టిగా చెప్పండి. నర్సులకు హెల్త్ అండ్ కేర్ వీసా కొనసాగుతోంది, దాని మీద వెళ్లేవారికి ఏడాదికి 1,035 పౌండ్ల ఆరోగ్య సర్‌చార్జ్ మినహాయింపు ఉంది. 18 నుంచి 30 ఏళ్ల మధ్య వయసున్న పట్టభద్రులకు యంగ్ ప్రొఫెషనల్స్ పథకం కింద ఏడాదికి 3,000 వరకు రెండేళ్ల వీసాలు లాటరీ ద్వారా ఇస్తారు. దీనికి ముందస్తు ఉద్యోగం అక్కరలేదు, లాటరీలో పేరు నమోదుకు రుసుము లేదు, కాబట్టి మధ్యవర్తికి డబ్బు ఇవ్వవలసిన పనే లేదు.

జర్మనీని మన ఇంజినీర్లు చూడవలసినంతగా చూడటం లేదని నాకనిపిస్తుంది. అక్కడ ఈయూ బ్లూ కార్డ్‌కు 2025లో వార్షిక వేతన పరిమితి 48,300 యూరోలు, కొరత ఉన్న వృత్తులకు, కొత్తగా డిగ్రీ పూర్తిచేసినవారికి సుమారు 43,760 యూరోలు. ఈ అంకెలను ఏటా సవరిస్తారు. డిగ్రీ లేకపోయినా తగిన అనుభవం ఉన్న ఐటీ నిపుణులకు కూడా అవకాశం ఉంది. బ్లూ కార్డ్ మీద 27 నెలలు పనిచేస్తే, జర్మన్ భాషలో బి1 స్థాయి సాధిస్తే 21 నెలలకే, శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయవచ్చు, భాగస్వామికి పని చేసే హక్కు ఉంటుంది. భారతీయులకు అమెరికాలో ఉన్న దశాబ్దాల వరుసతో పోల్చి చూసుకోండి. మీ కళాశాలను, డిగ్రీని అక్కడ గుర్తించారో లేదో అనాబిన్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో ముందుగా చూడాలి. ఉద్యోగం ఇంకా దొరకనివారికి 2024 జూన్ 1 నుంచి ఆపర్చునిటీ కార్డ్ ఉంది: ఏడాది వరకు ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు, వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు, కానీ ఆ కాలమంతా బతకడానికి సరిపడే సొమ్ము చూపాలి. అది ఉద్యోగ వీసా కాదు, వెతుకులాటకు ఇచ్చిన గడువు మాత్రమే.

కెనడాలో రెండు దారులను కలిపి గందరగోళపడేవారు ఎక్కువ. వర్క్ పర్మిట్ తాత్కాలికం. చాలా సందర్భాల్లో యజమాని ముందుగా ఎల్‌ఎమ్‌ఐఏ అనే అనుమతి తెచ్చుకోవాలి, అది ఆ యజమానికే కట్టుబడి ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ నేరుగా శాశ్వత నివాసానికి సంబంధించినది. వయసు, చదువు, భాష, అనుభవం మీద పాయింట్లు వస్తాయి, ఉద్యోగం చేతిలో లేకపోయినా దరఖాస్తు చేయవచ్చు. 2025 మార్చి 25 నుంచి ఉద్యోగ ఆఫర్‌కు ఇచ్చే అదనపు పాయింట్లను తొలగించారు కనుక, పాయింట్ల కోసం ఎల్‌ఎమ్‌ఐఏ కొనిపెడతామనే బేరాలకు ఆధారం పోయింది. ప్రావిన్స్ నామినేషన్ దొరికితే మాత్రం 600 పాయింట్లు కలుస్తాయి.

ఆస్ట్రేలియాలో యజమాని స్పాన్సర్ చేసే 482 తరగతిని 2024 డిసెంబర్ 7 నుంచి స్కిల్స్ ఇన్ డిమాండ్ వీసాగా మార్చారు. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి ఒక విడత 180 రోజులు ఇస్తారు, ఇది ఉద్యోగికి నిజమైన ఊరట. పాయింట్ల మీద ఇచ్చే 189, రాష్ట్రాల నామినేషన్‌తో ఇచ్చే 190, ప్రాంతీయ 491 తరగతులకు 45 ఏళ్లలోపు వయసు, కనీసం 65 పాయింట్లు, ముందుగా నైపుణ్య మదింపు అవసరం.

ఐదవ అడుగు: గల్ఫ్ దేశాలు, ఈసీఆర్ పాస్‌పోర్ట్

ఉత్తరాంధ్ర పల్లెల నుంచి, ముఖ్యంగా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి వెళ్లే కార్మికుల్లో ఎందరికో ఈ భాగమే అన్నిటికన్నా అవసరం. పదో తరగతి పాసవనివారి పాస్‌పోర్ట్ సాధారణంగా ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి) తరగతిలో ఉంటుంది. అటువంటివారు సౌదీ అరేబియా, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, మలేసియా సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం ప్రకారం ఈ-మైగ్రేట్ అనే విదేశాంగ శాఖ పోర్టల్ ద్వారా అనుమతి తీసుకోవాలి. ఈ అనుమతి మీకు రక్షణ. యజమాని వివరాలు, ఒప్పందం, జీతం ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతాయి. దానితో పాటు తీసుకోవలసిన ప్రవాసీ భారతీయ బీమా యోజనకు రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు మాత్రమే. ప్రమాదంలో మరణిస్తే లేదా శాశ్వత వైకల్యం ఏర్పడితే పది లక్షల రూపాయలు వస్తుంది. సందర్శన వీసా మీద పంపి అక్కడ మారుస్తామనే ఏజెంట్ ఈ రక్షణలన్నిటినీ మీ నుంచి తీసివేస్తున్నాడు. పదో తరగతి పాసైనవారు పాస్‌పోర్ట్‌లో ఆ ముద్ర తొలగించుకోవచ్చు, అయినా లైసెన్స్ ఉన్న ఏజెంట్ ద్వారా, రాతపూర్వక ఒప్పందంతోనే వెళ్లడం క్షేమం.

గల్ఫ్ వీసా మీద రాసి ఉండే వృత్తి పేరును తప్పనిసరిగా తెలుగులో చదివించుకోండి. కువైట్‌కు వెళ్లినవారు షూన్ వీసా అని చెప్పుకునే 18వ నంబర్ ప్రైవేటు సంస్థల ఉద్యోగానికి, ఖాదిం వీసా అని చెప్పుకునే 20వ నంబర్ ఇంటి పనికి. రెండింటికీ వర్తించే చట్టాలు, పని గంటలు, యజమాని మారే పద్ధతులు వేరు. కంపెనీలో డ్రైవర్ ఉద్యోగమని చెప్పి ఇంటి డ్రైవర్ వీసా చేతిలో పెడితే, అక్కడ దిగిన తరువాత ఫిర్యాదుకు మీరు కార్మిక చట్టం కింద నిలబడలేకపోవచ్చు. ఆజాద్ వీసా పేరుతో అమ్మేది చట్టంలో లేని సరుకు: ఒకరి పేరు మీద స్పాన్సర్‌షిప్ తీసుకుని, వేరే చోట పని చేసుకోమని వదిలేయడమే అది. తనిఖీలో దొరికితే కార్మికుడికి కూడా శిక్ష పడుతుంది.

యూఏఈ చట్టం ప్రకారం నియామక ఖర్చులను కార్మికుడి నుంచి వసూలు చేయకూడదు, పాస్‌పోర్ట్‌ను యజమాని దగ్గర పెట్టుకోకూడదు. సరైన అనుమతి లేకుండా మనుషులను పనిలో పెట్టుకునే యజమానులకు అక్కడ 2024 నుంచి కనీస జరిమానాను లక్ష దిర్హాంలకు పెంచారు. మన దేశంలో లైసెన్స్ ఉన్న ఏజెంట్ సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఏజెంట్ లైసెన్స్ నంబర్‌ను ఈ-మైగ్రేట్‌లో వెతికి, లైసెన్స్ గడువు మిగిలి ఉందో లేదో చూసి, డబ్బును బ్యాంక్ ద్వారానే చెల్లించి రసీదు తీసుకోండి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన ఓమ్‌క్యాప్ కూడా విదేశీ నియామకాలు చేస్తుంది. నర్సులు మొదట అక్కడ విచారించడం మంచిది. గల్ఫ్‌కు వెళ్లే నర్సులకు డేటాఫ్లో అనే సంస్థ చేసే పత్రాల ధ్రువీకరణ, చాలా చోట్ల ప్రోమెట్రిక్ అనే కంప్యూటర్ లైసెన్స్ పరీక్ష అవసరం. వైద్య పరీక్షలను వాఫిద్ (గల్ఫ్ దేశాల వైద్య పరీక్షల వ్యవస్థ) అనుమతించిన కేంద్రాల్లోనే చేయించుకోవాలి.

ఆరవ అడుగు: నావికులకు

నౌకాశ్రయ నగరంలో ఉంటున్నాం కనుక ఈ మాట చెప్పక తప్పదు. ఓడ ఉద్యోగానికి ముందుగా ఇండోస్ నంబర్ (నావికుడి గుర్తింపు సంఖ్య), సీడీసీ (నావికుడి సర్వీసు పుస్తకం), నిర్ణీత శిక్షణ ధ్రువపత్రాలు కావాలి. ఉద్యోగం ఇప్పించే సంస్థకు నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ అనే నావికుల నియామక లైసెన్స్ ఉండాలి. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం పాస్‌పోర్ట్, సీడీసీ, వైద్య ధ్రువపత్రం ఖర్చులు తప్ప ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి నుంచి ఏమీ తీసుకోకూడదు. వీసా ఖర్చు ఓడ యజమానిదే. అమెరికా రేవుల్లో ఓడ ఎక్కడానికి, దిగడానికి సీ1/డీ వీసా తీసుకుంటారు, దానితో ఒడ్డున ఉద్యోగం చేసే హక్కు రాదు. శిక్షణ పూర్తయిన పిల్లలను ఓడ ఎక్కిస్తామని తల్లిదండ్రులను లక్షలు అడిగేవారికి ఆ సొమ్ము తీసుకునే హక్కు ఏ చట్టం కిందా లేదు.

ఏడవ అడుగు: కాగితాలు, అందులోనూ పేరు

తెలుగువారికి ఎక్కువ ఇబ్బంది తెచ్చేది పేరే. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు ముందు వస్తుంది, కొందరికి పొడి అక్షరంగానే ఉంటుంది, డిగ్రీలో మరోలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరుగా మారి, అసలు పేరు ఉండవలసిన చోట ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. తరువాత బ్యాంకులోనూ, లైసెన్స్ కార్యాలయంలోనూ ప్రతిచోటా వివరణ ఇవ్వవలసి వస్తుంది. ఏ దరఖాస్తూ వేయకముందే మర్రిపాలెంలోని ప్రాంతీయ పాస్‌పోర్ట్ కార్యాలయం పరిధిలో పేరు సరిచేయించుకుని, తరువాత వచ్చే ప్రతి పత్రంలో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయించండి. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు కూడా పాస్‌పోర్ట్ సేవ ద్వారానే చేయాలి.

డిగ్రీల ధ్రువీకరణ ఆ దేశాన్ని బట్టి మారుతుంది. హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్న దేశాలకు మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ (ఒప్పంద దేశాలన్నీ అంగీకరించే ధ్రువీకరణ ముద్ర) చాలు. భారత్ 2005లో, సౌదీ 2022లో, కెనడా 2024లో ఇందులో చేరాయి. యూఏఈ, కువైట్, ఖతార్ అందులో లేవు కాబట్టి రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ముద్ర తరువాత ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుంచి గానీ మరే విశ్వవిద్యాలయం నుంచి గానీ ట్రాన్స్‌క్రిప్టులు (చదివిన సబ్జెక్టులు, మార్కుల అధికారిక పత్రాలు) రావడానికి సమయం పడుతుంది కనుక, ఉద్యోగం వెతకడం మొదలుపెట్టిన వారమే ఆ పని కూడా మొదలుపెట్టండి. అనుభవ ధ్రువపత్రాల్లో హోదా, తేదీలతో పాటు చేసిన పనుల వివరాలు ఉండేలా ఇప్పటి యజమానితో సఖ్యంగా ఉన్నప్పుడే రాయించుకోవాలి.

ఎనిమిదవ అడుగు: చేరిన తరువాత, ఉద్యోగం పోయినప్పుడు

విమానాశ్రయంలో ఇచ్చిన ప్రవేశ ముద్రను గానీ, ఆన్‌లైన్ రికార్డును గానీ అదే రోజు చూడండి. అమెరికాలో మీరు ఎప్పటివరకు ఉండవచ్చో చెప్పేది పాస్‌పోర్ట్‌లోని వీసా కాగితం కాదు, ఐ-94 అనే ప్రవేశ రికార్డులోని తేదీ. పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడి ఉంటే ఆ తేదీ పిటిషన్ గడువు కన్నా ముందే ముగియవచ్చు. యూఏఈలో ప్రవేశ అనుమతి వచ్చాక వైద్య పరీక్ష, ఎమిరేట్స్ ఐడీ, నివాస అనుమతి నిర్ణీత గడువులో పూర్తికావాలి, అవి ఎక్కడిదాకా వచ్చాయో యజమానిని అడుగుతూ ఉండాలి.

ఉద్యోగం పోతే హెచ్-1బి, ఎల్-1 వారికి అమెరికాలో గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది, ఐ-94 అంతకన్నా ముందు ముగిస్తే ఆ తేదీ వరకే. ఆ గడువులోపల కొత్త యజమాని పిటిషన్ వేయాలి, లేదా వేరే తరగతికి మారే దరఖాస్తు చేయాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. బ్రిటన్‌లో స్పాన్సర్ సమాచారం ఇచ్చాక అక్కడి హోంశాఖ సాధారణంగా 60 రోజులకు వీసాను కుదిస్తుంది. బయలుదేరే ముందే మూడు నెలల ఖర్చులకు సరిపడే సొమ్మును అప్పు తీర్చే లెక్కలో కలపకుండా పక్కన పెట్టుకోగలిగితే, ఈ గడువుల్లో భయంతో మొదట దొరికిన ఉద్యోగానికి తలొగ్గవలసిన అవసరం తగ్గుతుంది.

పాస్‌పోర్ట్, వీసా, ఒప్పందం, బీమా పత్రం, ఏజెంట్ రసీదు, యజమాని చిరునామా నకళ్లను ఇంట్లో ఒకరి దగ్గర ఉంచండి. విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో కుటుంబ సభ్యులు కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. జీతం ఆగినా, ఫోన్ పలకకపోయినా, రాయబార కార్యాలయం మొదట అడిగేది పాస్‌పోర్ట్ నంబర్, యజమాని పేరు, మీరు వెళ్లిన వీసా తరగతి.